ఆలిస్ చెప్పని మాట

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో, ఆలిస్ ఇంట్లో, దీపం పెట్టగానే ప్రార్థనకు చాప పరిచేవారు. ఆరేళ్ల డోరా, నాలుగేళ్ల రత్నం చేతులు కట్టుకుని కూర్చునేవారు. వాళ్ల నాన్న ప్రభుదాస్ వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ లేని రోజు అతనూ వచ్చి కూర్చునేవాడు. ఆలిస్ మిషన్ బోర్డింగులో ఐదో తరగతి దాకా చదివింది. వచ్చినదంతా పిల్లలకు నోటితోనే నేర్పేది. వాన ఎవరిచ్చారు, జామచెట్టుకు కాయ ఎవరు పెట్టారు, మనిషికి దేవుడు నోరెందుకు ఇచ్చాడు.

"అబద్ధం అంటే ఏందమ్మా?" అని డోరా ఒకసారి అడిగింది.

"దేవునికి కనబడకుండ దాసుకునుడు బిడ్డా. ఆయనకు కనబడంది ఏమన్న ఉంటదా? అందుకే ఆడొద్దు."

పక్క క్వార్టరులో ఉండే నూర్‌బీ అప్పుడప్పుడు వచ్చి గడపలో కూర్చుని వినేది. ఆమెకు భర్త లేడు. ఒక్కడే కొడుకు, ఇస్మాయిల్, రైల్వేలో ఖలాసీ. "మా అల్లా సుత గదే చెప్తడు," అనేది నవ్వుతూ. ఒకసారి డోరా ఆమె వంటింట్లో బెల్లంముక్క తిని, తినలేదని బొంకింది. ఆలిస్ దాని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఒప్పుకోమంది. పిల్ల ఏడుస్తూ ఒప్పుకుంటే నూర్‌బీ ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంకో ముక్క చేతిలో పెట్టింది. నిజం చెబితే ఏమీ కాదని డోరాకు ఆ రోజు బాగా అర్థమైంది.

నలభై ఎనిమిది ఎండాకాలంలో ఇస్మాయిల్ దోస్తుల వెంట తిరిగి, రెండు నెలలు ఖాకీ చొక్కా వేసుకుని రజాకార్లతో పరేడుకు పోయాడు. కర్ర పట్టాడే గానీ ఎవరి మీదా ఎత్తలేదని నూర్‌బీ ఒట్టు పెట్టుకునేది. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. సికింద్రాబాద్ బజార్లలో జెండాలు కట్టారు, మిఠాయిలు పంచారు. ఆ తర్వాత పరేడుకు పోయినవాళ్ల కోసం వెతుకులాట మొదలైంది.

ఒక పొద్దున నూర్‌బీ కొడుకును వెంటబెట్టుకుని దొడ్డిదారిన వచ్చింది. "రెండు దినాలు దాసు ఆలిస్. జెర సల్లబడంగనే మా తమ్ముని దగ్గరికి తోలిస్త," అని చేతులు పట్టుకుంది. ఆలిస్ అతన్ని బొగ్గుల గదిలో ఉంచింది. డోరా తల్లి వెంట గిన్నె పట్టుకుని పోయి అతనికి అన్నం ఇచ్చి వచ్చేది.

"పిల్లలకు చెప్పు," అన్నాడు ప్రభుదాస్ డ్యూటీకి పోతూ. "ఎవరన్న అడిగితే ఇస్మాయిల్ ఈడ లేడనాలె అని."

ఆలిస్ సరేనంది. డోరాను దగ్గరికి పిలిచింది. అబద్ధం చెప్పమని ఆ పిల్లతో ఏ నోటితో అనాలి? "బయటోళ్లతోని ఎక్కువ మాట్లాడకు," అని మాత్రం అని వదిలేసింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె నల్లా దగ్గర నీళ్లు పడుతుండగా జీపు శబ్దం వినబడింది. బిందె ఎత్తుకుని వచ్చేసరికి వాకిట్లో ఆరుగురు మనుషులున్నారు. ఇస్మాయిల్ చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఒంటినిండా బొగ్గుమసి. అరుగు మీద కూర్చున్న డోరా తల్లిని చూసి నవ్వింది.

"ఇస్మాయిలన్న యాడున్నడని అడిగిండ్రమ్మా. నేనే చెప్పిన."

ఆలిస్ బిందె కిందికి దించింది. వాళ్లలో ఒకడు ఆమె ముందుకొచ్చి, "నువ్వేనా వీణ్ణి దాచింది?" అని గద్దించాడు.

"నాకు తెల్వదు," అంది ఆలిస్. "దొడ్డితలుపు తీసే ఉంటది. ఎప్పుడు జొర్రిండో ఏమో."

డోరా నవ్వు ఆగిపోయింది. తల్లి ముఖంలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ఇస్మాయిల్ జీపు ఎక్కేముందు పిల్లవైపు తిరిగి, "లోపటికి పో బిడ్డా, ఎండున్నది," అన్నాడు. నూర్‌బీ చెప్పులు లేకుండా సందు చివరిదాకా జీపు వెంట పరుగెత్తింది.

ప్రభుదాస్ తెలిసిన పోలీసు స్టేషన్లన్నీ తిరిగాడు. అర్జీలు రాయించాడు. క్రిస్మస్ ముందు, విడుదలై వచ్చినవాడొకడు జైల్లో ఇస్మాయిల్‌ను మొదటి రోజు చూశానని, తర్వాత చూడలేదని చెప్పాడు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ వారం ఆలిస్ నూర్‌బీ ఇంటికి పోయి గుమ్మంలోనే కూలబడింది. "అక్కా, చెప్పింది నా బిడ్డనే," అంది.

"ఎరికే," అంది నూర్‌బీ బియ్యంలో రాళ్లు ఏరుతూ. "గల్లీల అందరు చెప్పిండ్రు. పోరికి అబద్ధమాడుడు రాదు. గంతే."

"తప్పు నాదక్కా. చెప్పాల్సింది నేను చెప్పలే."

నూర్‌బీ రాళ్లు ఏరుతూనే ఉంది.

ఆ సాయంత్రం చాప మీద డోరా చేతులు కట్టుకోలేదు. "అమ్మా, ఇస్మాయిలన్న లేడని చెప్పాల్సుండెనా? నువ్వు తెల్వదని చెప్పినట్లు?" అని అడిగింది. ఆలిస్ లేచి దీపం వత్తి ఎగదోసింది. ప్రార్థన ప్రభుదాసే చేశాడు.

ఖలాసీ లేని ఇంటికి క్వార్టరు ఉండదు. జనవరిలో నూర్‌బీ రాంగోపాల్‌పేట్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి బయలుదేరింది. సామాను జట్కాలో పెట్టాక ఆలిస్ ఇంటి ముందు ఆగింది. రత్నం తల నిమిరి, ముద్దు పెట్టుకుంది. డోరా కూడా తల ముందుకు వంచి నిలబడింది. నూర్‌బీ చెయ్యి ఒకసారి లేచింది. మళ్లీ కొంగులోకి పోయింది. "పోయొస్త ఆలిస్," అని జట్కా ఎక్కింది.

బండి మలుపు తిరిగాక కూడా డోరా తల ఎత్తలేదు.

"పెద్దమ్మ నన్ను ముట్టలేదమ్మా," అంది.

ఆలిస్ పిల్లను ఎత్తి గుండెకు అదుముకుంది. డోరా ఆమె మెడ చుట్టూ చేతులు వెయ్యలేదు. చేతులు కిందికి వేలాడేసి, బండి పోయిన దారివైపే చూస్తూ ఉండిపోయింది.