కొక్కేనికి పచ్చి మిరపకాయలు

షెకీనా స్టీరింగ్ కుడికి తిప్పితే కుడి చక్రం తిరిగింది, ఎడమ చక్రం మాత్రం తిరగలేదు.

వ్యాన్ ఇంకా ఇంటి ముందే ఉంది కాబట్టి సరిపోయింది. ఇంకాసేపట్లో పద్మారావు నగర్ పిల్లలు ఆరుగురు వెనక సీట్లలో ఎక్కి బడికి బయల్దేరాలి. 

కిందికి దూరి టార్చి వేసింది. ఎడమ చక్రాన్ని తిప్పే రాడ్డు వంగిపోయి, కొసన విరిగి వేలాడుతోంది. విరిగినచోట ఇనుము కొత్తగా గీరుకుపోయి మెరుస్తోంది. ఆ సందులో ఒక నల్లదారం ఇరుక్కుని ఉంది. దానికి నలిగిన నిమ్మకాయ, రెండు మిరపకాయలు.

నిన్న సాయంత్రం లాలాగూడలో బ్యాటరీ దిగిపోతే టోయింగ్ కంపెనీకి ఫోన్ చేసింది. తుకారాం అనే డ్రైవర్ వచ్చి, దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్న కొక్కెంతో వ్యాన్‌ను లారీ మీదికి లాగి, తెచ్చి ఇంటి ముందు దించాడు. దించాక ఎడమ చక్రాన్ని కాలితో రెండు తన్నులు తన్నాడు. గాలి చూస్తున్నాడనుకుంది. తర్వాత కొత్త బ్యాటరీ వేయించింది తప్ప బండిని కదిలించనే లేదు.

ఈ రోజు వ్యాన్ రాదని పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే హిమజ అనే తల్లి జవాబిచ్చింది: "పాత బండి, ఎప్పటికైనా ఇంతే. రేపటి నుంచి వేరే వ్యాన్ చూసుకుందాం." మిగతావాళ్లు ఆ మాట కింద వరసగా బొటనవేళ్లు పెట్టారు.

ఆరేళ్లుగా ఒక్క గీత పడకుండా నడిపిన బండి. షెకీనాకు ఒళ్లు మండిపోయింది. నలిగిన నిమ్మకాయను దారంతో సహా రుమాల్లో చుట్టుకుని, ఆటో ఎక్కి బన్సీలాల్‌పేట్‌లోని కంపెనీ షెడ్డు ముందు దిగింది.

ఓనర్ ఓంప్రకాశ్ చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"గుంతల్ల మీరే ఇరగ్గొట్టుకుని మా మీద పెడితే ఎట్ల మేడమ్? మా తుకారాం హుషార్ మనిషి."

ఆమె రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. "మరి మీ కొక్కేనికి కట్టింది నా బండి కిందికెట్ల వచ్చింది?"

"మీదే అయ్యుంటది. దిష్టికి అందరు కడ్తరు."

"నా పేరు షెకీనా, అన్నా. బండెక్కే ముందు ప్రార్థన చేసుకుంట గని, నిమ్మకాయలు కట్టను."

ఓంప్రకాశ్ నవ్వాడు. "అయితే రోడ్డు మీదిదేదో చిక్కింది. మాది మా కొక్కేనికే ఉంది, పోయి చూస్కోండి. మా దగ్గర పద్ధతి ఉంటది. శనివారం పొద్దుగాల బంపర్‌కొకటి, కొక్కేనికొకటి, రెండు ఒక్కసారే కడ్తం. మళ్ల శనివారం దాకా ఎవ్వడు ముట్టడు."

షెకీనా లారీ దగ్గరికి నడిచింది. అద్దం తుడుస్తున్న తుకారాం ఆమెను చూసి గుడ్డ కిందికి దించాడు.

బంపర్‌కు వేలాడే నిమ్మకాయ వడిలి, మిరపకాయలు ముడుచుకుపోయి ఉన్నాయి. కొక్కేనికున్నవి మాత్రం ఇప్పుడే తెంపినట్టు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"ఇయ్యాల మంగళారం," అంది షెకీనా. "ఈ రెండు శనివారమే కట్టిన్రా?"

ఓంప్రకాశ్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. నవ్వు ఎగిరిపోయింది. "ఏందిరా ఇది?"

"అది... ఎండకు సేట్..."

"ఒక్కటే లారీ, ఒక్కటే ఎండ. ఒకటి ఎండి, ఇంకోటి ఎండకపోవుడేంది?"

తుకారాం షెకీనా వైపు తిరిగాడు. "మాఫ్ చెయ్యక్కా," అన్నాడు.

"నాకెందుకు చెప్తవ్?" షెకీనా ఫోన్‌లో తల్లుల గ్రూపు తెరిచి, మైకు గుర్తు నొక్కి అతని నోటి ముందు పెట్టింది. "పిల్లల తల్లులకు చెప్పు."

తుకారాం ఓనర్ వంక చూశాడు. ఓంప్రకాశ్ మొహం తిప్పుకున్నాడు.

"అమ్మా, నేను తుకారాం, టోయింగ్ లారీ డ్రైవర్ని. షెకీనా అక్క బండి మంచిగనే ఉండె. లాగెటందుకు బండి ముందట రింగు బిగించి దానికి కొక్కెం వెయ్యాలె. ఇంకో గిరాకీ ఫోన్ల తొందర పెడుతుండె, రింగు బిగియ్యలే. కింద రాడ్డుకే తగిలించి లాగిన. టక్కుమని ఇరిగిన చప్పుడు విన్న. సీటు మీద పిల్లల నీళ్ల సీసా ఉండె, అది సుత చూసిన. అయినా వంకరైన చక్రాన్ని తన్ని సక్కగ చేసిన గని, నోరు తెరవలే. వాపస్ పోయేటప్పుడు చూస్తే కొక్కేనికి నిమ్మకాయ లేదు. నాకేమన్న అయితదని భయమైంది. లారీ ఆపి, కొత్తది కొని కట్టుకున్న. అక్కకు ఫోన్ చేసెటందుకు మాత్రం ఆపలే."