తూర్పుకు పోయే కుర్చీ

పొద్దున లేవగానే సుభద్రమ్మ వాకిలి చిమ్ముతుంది. తర్వాత వీధిలోకి పోయి కుర్చీని వెతికి తెస్తుంది. ఆ తర్వాతే టీ నీళ్లు పెడుతుంది. ఆదోనిలో ఆ సందువాళ్లందరికీ ఈ వరస తెలుసు.

"సుభద్రక్కా, మీ కుర్చీ నా అంగడి ముందర నిలబడింది, తీసుకపో. బేరానికొచ్చినోళ్లు దాంట్లో కూర్చొని లేస్తాలేరు" అంటాడు కిరాణా అంగడాయన. ఒకరోజు ఆమె వరస తప్పి ముందు టీ పెట్టింది. ఆ రోజు కుర్చీ పత్తికొండ రోడ్డు దాకా పోయింది. టమోటాలు దింపి ఖాళీగా వస్తున్న ట్రాక్టరతను గుర్తుపట్టి తెచ్చి దించిపోయాడు.

ఆ కుర్చీని చేసింది సుభద్రమ్మ భర్త, వడ్రంగి దేవేంద్రప్పకు తాతైన మాదన్న. నూరేళ్ల కిందట ఆయన నల్లమల కొండల్లోకి పోయి రెండేళ్లుండి, ఒక్క ఇనుప మేకు కూడా వాడకుండా చెక్క మేకులతోనే సామాను బిగించే పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఎద్దుల బండి మీద ఒక దుంగ తెచ్చాడు. దాంతో రెండు వస్తువులు చేశాడు. ఒకటి ఈ కుర్చీ, రెండోది పనిముట్లు పెట్టుకునే పెట్టె. పెట్టె బుద్ధిగా ఉన్నచోటే ఉంది. కుర్చీ మాత్రం మనిషి కూర్చుంటే ఆగుతుంది, లేస్తే కొండలున్న తూర్పు దిక్కుకు నడుస్తుంది.

అందుకే దేవేంద్రప్ప నాయన బసన్నను చివరి పదేళ్లూ దాంట్లోనే కూర్చోబెట్టారు. పెద్దాయనకు ఎంత మర్యాద చేస్తున్నారో అని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ఆయన పోయిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చారు. ఇక కుర్చీని ఎవరు పట్టుకోవాలన్న దిగులు కూడా ఆ ఏడుపులో కొంత ఉంది.

ఇప్పుడు దేవేంద్రప్పకు మోకాళ్లు సరిగా పనిచేయడం లేదు. విజయదశమి నాడు పనిముట్లకు పూజ చేసి, పెట్టెను తన తర్వాతివాళ్ల చేతిలో పెట్టడం ఆ ఇంటి ఆచారం. పెట్టె ఎవరిదో పని వాళ్లది. ఆయనకున్నది ఒక్క కూతురు, సంతోషి. ఇరవై ఎనిమిదేళ్లది. చెక్కను వాసన చూసి ఏ చెట్టుదో చెబుతుంది. అయినా ఆమెకు గరుకు కాగితం, వార్నిష్ డబ్బా తప్ప చెక్క చెక్కే ఉలి, బాడిస ఏవీ ఇచ్చేవాడు కాదు.

"ఆడపిల్ల చేతికి బాడిస ఇస్తే నలుగురూ ఏమంటారు?" అన్నాడు.

"నలుగురూ ప్లాస్టిక్ కుర్చీలు కొంటాండారు నాయనా. వాళ్లేమంటే మనకేమి?" అంది సంతోషి.

దేవేంద్రప్ప మనసు అన్న కొడుకు దినేష్ మీద ఉంది. వాడు ఎమ్మిగనూరులో రెడీమేడ్ సామాను అంగట్లో మిషన్‌తో మరలు బిగిస్తాడు. మంచివాడు, చెక్క సంగతి మాత్రం వాడికి బొత్తిగా తెలియదు. పెట్టె వాడికేనని కులపెద్దలకు మాట కూడా ఇచ్చేశాడు. పూజకు వాళ్లంతా వచ్చినప్పుడు కుర్చీ లేచిపోతే నగుబాటని వారం ముందే వాణ్ని పిలిపించి, "ముందు దీన్ని ఆపు" అన్నాడు.

దినేష్ ఇనుప పట్టీలు పెట్టి కుర్చీ కాళ్లను నేలకు బిగించాడు. తెల్లారేసరికి కుర్చీ నేలకు పరిచిన బేతంచెర్ల బండతో సహా కిరాణా అంగడి ముందుంది. మరుసటి రోజు దాన్ని గొలుసుతో తన బైకుకు కట్టాడు. ఈసారి బైకును వెతకడానికే మధ్యాహ్నమైంది.

"నా బైకు ఇంత మైలేజీ ఎప్పుడూ ఇయ్యలేదు చిన్నాయనా" అన్నాడు వాడు నిజాయితీగా.

ఆ రోజే దేవేంద్రప్ప ఒక తలుపు కొలతలకు ఆస్పరి పోయాడు. సంతోషి కుర్చీని బోర్లా వేసి, ఒక్కో కాలి మీదా వేలు నడిపింది. వెనక ఎడమ కాలి దగ్గర వేలు ఆగింది. చెట్టు ఎలా నిలబడిందో చెక్క కూడా అలాగే నిలబడాలి. మొదలు కిందికి, కొస పైకి. వడ్రంగంలో మొదటి పాఠం అది. మాదన్న ఆ కాలిని తలకిందులు పెట్టాడు.

"అమ్మా, ఇది తప్పు నిలబడింది. నూరేళ్లుగా సర్దుకుందామని కొండ దిక్కు పోతాంది."

సుభద్రమ్మ గోడ మీదున్న మాదన్న ఫోటో వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ నాయనతో అనొద్దు. వాళ్ల తాత తప్పు చేసినాడంటే అన్నం మానేస్తాడు. ఆయన వచ్చేలోపల నువ్వు చేసేది బిన్నా చెయ్యి."

సంతోషి పెట్టెలోంచి పనిముట్లు తీసి, చెక్క మేకు ఊడదీసింది. కాలును తిప్పి, పై కొనను చెక్కి తొర్రలో దించింది. కొత్త మేకు కొట్టి, నిమిషంసేపు అరచేయి దాని మీదే ఉంచింది.

మరునాడు సుభద్రమ్మ వాకిలి చిమ్మి వీధిలోకి పోయింది. అంగడి ముందు లేదు. రోడ్డు దాకా పోయింది, అక్కడా లేదు. ఇంటికొచ్చి చూస్తే కుర్చీ అరుగు మీద పెట్టినచోటే ఉంది. పొద్దునంతా ఏం చేయాలో తోచక ఆమె రెండుసార్లు టీ పెట్టింది.

దేవేంద్రప్ప కుర్చీ చుట్టూ తిరిగాడు. కొత్త మేకు చూశాడు. అది ఎవరి చెయ్యో తెలుసుకోలేనంత మొద్దు కాడు. "దినేష్ గొలుసుకు భయపడినట్టుంది" అని మాత్రం అన్నాడు.

పండగ నాడు పెద్దలు వచ్చారు. కుర్చీ కదలలేదు. పెట్టె దినేష్ చేతికి పోయింది. సంతోషికి ఏడుపొచ్చింది. వార్నిష్ ఘాటని చెప్పింది కానీ, డబ్బా మూత ఆ రోజు తీయనే లేదు.

దినేష్ పెట్టెను బైకు వెనక కట్టుకొని ఎమ్మిగనూరు పోయాడు. మూడో రోజు సాయంత్రం సందు మొదట్లో కలకలం వినిపించింది. ముందు పెట్టె వస్తోంది, నూరేళ్లలో మొదటిసారి నేల మీద ఈడ్చుకుంటూ. వెనక చెప్పులు చేతపట్టుకొని దినేష్. దారివ్వడానికి ఆటోలు పక్కకు జరిగాయి.

"బస్సు ఎక్కించల్ల కదరా" అన్నాడు కిరాణా అంగడాయన.

"ఎక్కించినా అన్నా. సగం దారిలో దిగిపోయింది. దాంట్లో పెట్టిన నా కొత్త పనిముట్లు పోతాయేమోనని నేనూ దిగినా."

పెట్టె అరుగు దగ్గరికొచ్చి, గరుకు కాగితం పట్టుకొని కూర్చున్న సంతోషి కాళ్ల ముందు ఆగింది. దినేష్ కూడా అక్కడే కూలబడ్డాడు.

"చిన్నాయనా, నాకు మిషన్ చాలు. ఇది అక్కది. దానికి తెలుసు, నాకు తెలుసు, దారిలో లారీలోళ్లకు గూడా తెలుసు."

దేవేంద్రప్ప భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ల కాపురంలో సుభద్రమ్మ ఇలాంటి అవకాశం వదులుకున్నది లేదు.

"మీ తాత కాలు తలకిందులు పెట్టినాడు. నువ్వు పెట్టెను తప్పు చేతిలో పెట్టినావు. తప్పు నిలబెడితే కొండ చెక్క యాడ ఊరుకుంటాది?"

ఆయన మెల్లగా పెట్టె దగ్గరికొచ్చాడు. సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు దాచుకోలేదు. తర్వాత పెట్టె తెరిచి బాడిస తీసి, భుజం మీది తువాలుతో తుడిచి, పిడి కూతురి వైపు తిప్పి ఇచ్చాడు.

"ఆ కాలు బాగా దించినావమ్మా. మేకు ఒక వెంట్రుకవాసి పొడుగైంది" అన్నాడు.

"కోస్తాను లే నాయనా."

మరునాడు పొద్దున అరుగు మీద బాడిస చప్పుడు మొదలైంది. దేవేంద్రప్ప మోకాళ్లు పట్టుకొని మెల్లగా వచ్చి తాత కుర్చీలో కూర్చొని, కూతురి చేతులు చూస్తూ ఉండిపోయాడు. నూరేళ్లలో ఆ ఇంట్లో ఆ కుర్చీని ఆపడానికి కాక, ఊరికే కూర్చోవాలనిపించి కూర్చున్న మొదటి మనిషి ఆయనే.