ప్రసాదించడమైనది

తమ్ముడు జైల్లో ఉన్న సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియకూడదని అక్క నోరు కుట్టేసుకుంది. కొత్త దేశానికి రాజ్యాంగం రాస్తున్న చోట, భాషా విభాగంలో, ఆమెకు మంచి పేరుంది. బస్సు కండక్టరైన తమ్ముణ్ణి సమ్మె చేయించాడని పాత సర్కారు రోజుల్లోనే ఎత్తుకుపోయారు. కేసూ లేదు, విచారణా లేదు. సర్కారు మారినా వాణ్ణి వదిలిన పాపాన ఎవరూ పోలేదు.

రాజ్యాంగంలోని మొదటి రెండు వాక్యాలు భాష దిద్దడానికి ఆమె బల్ల మీదికొచ్చాయి. కమిటీలోని ముసలి వకీలు రాసినవవి: “ప్రతి మనిషికీ పుట్టుకతోనే హక్కులు ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసే అధికారం ప్రభుత్వానికి లేదు.”

“‘ఉన్నాయి’ ఏమిటమ్మా, ఇంట్లో ఉల్లిపాయలున్నాయి అన్నట్టు!” అని సూపరింటెండెంటు మూతి విరిచాడు. “కాస్త బరువైన మాట పడాలి.”

ఆ విభాగానికున్న మాయరోగమే అది. మంచినీళ్ళు లేవని బోర్డు రాయమంటే “జలసౌకర్యము కల్పించబడలేదు” అని రాసి మురిసిపోయే రకాలు. అక్కేమీ తక్కువ తినలేదు. “పుట్టుకతోనే” అన్న మాట పురిటాసుపత్రి వాసన కొడుతోందని కొట్టేసింది. సాయంత్రం దాకా కలం కొరికి కొరికి, “ప్రతి పౌరునికీ ఇందుమూలముగా సమస్త హక్కులూ ప్రసాదించడమైనది” అని రాసింది. రెండో వాక్యం ఇక దండగని ఎత్తేసింది. సూపరింటెండెంటు రెండుసార్లు పైకి చదువుకుని భేష్ అన్నాడు.

సభలో బల్లలు చరిచారు. ముసలి వకీలు ఒక్కడే లేచి, “మన హక్కులు మనకి ప్రసాదించడానికి వీళ్ళెవరయ్యా?” అన్నాడు. ముసలాయన చాదస్తం అని నవ్వేశారు. ప్రభుత్వం తరఫు వకీలు మాత్రం ‘ప్రసాదించడమైనది’ అన్న మాట కింద గీత గీసుకున్నాడు.

ఆ వారమే అక్క జైలుకెళ్ళి తమ్ముడికి చెప్పుకుంది. “మొదటి వాక్యం నాదేరా! అమ్మకి మాత్రం చెప్పకు, నువ్వు ఇంటికొచ్చాక చెబుదాం.”

“అబ్బో! అయితే నన్ను బయటికి లాగేది మా అక్కేనన్నమాట!” అని వాడు పొంగిపోయాడు. పిచ్చి సన్నాసి!

రాజ్యాంగం అమలయింది. తమ్ముడి పిటిషను విచారణకొచ్చింది. అమ్మా, అక్కా కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నారు.

ప్రభుత్వ వకీలు తాపీగా లేచాడు. “అయ్యా, ‘ప్రసాదించడమైనది’ అని ఉంది. ఎప్పుడు ప్రసాదించారు? అమలైన రోజున. ఇతన్ని పట్టుకున్నది అంతకు ముందే. అప్పటికి ఇతనికి హక్కంటూ ఏదీ లేదు. లేనిదాన్ని ఎవరు లాక్కుంటారు? అప్పుడు సక్రమంగా మొదలైన నిర్బంధం ఇప్పుడూ అలాగే సాగుతోంది. పోనీ, ప్రసాదించినవారు వెనక్కి తీసుకోకూడదని ఎక్కడైనా రాశారా?”

అలా రాసిన వాక్యాన్ని తన చేత్తోనే ఎత్తేశానని అక్కకు గుర్తొచ్చింది. లేచి, “అయ్యా, నా ఉద్దేశం అది కాదు” అని అరవాలనిపించింది. ఆమె ఉద్దేశం ఎవడిక్కావాలి?

జడ్జి ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు. “వాక్యం అలాగే ఉంది మరి. మేమేం చెయ్యగలం?” అని పిటిషను కొట్టేశాడు.

తమ్ముణ్ణి వ్యాను దగ్గరికి నడిపిస్తుంటే అమ్మ వెంటపడింది. “ఆ మాట రాసినవాడి చేతులు పడిపోను! వాడి ఇంట దీపం పెట్టే దిక్కు లేకపోను!” అని నడిరోడ్డు మీద దుమ్మెత్తి పోసింది. అక్క సిగ్గుతో చచ్చి, చేతులు కొంగు చాటున దాచుకుంది.

తమ్ముడు వ్యాను మెట్టెక్కుతూ ఆగాడు. అక్క వైపు చూడలేదు.

“అలా శపించకమ్మా,” అన్నాడు. “ఆ రాసినవాళ్ళకీ ఓ తమ్ముడుంటాడు.”

“ఉంటే వాడూ నీలాగే కుళ్ళిపోవాలి!” అంది అమ్మ.