చెప్పిన మాట చెప్పినట్టు

ఉదయం ఏడున్నరకి ఆదర్శ్ ఫోన్‌లో అలారం మోగుతుంది. అతను స్నానాల గదిలో ఉన్నా, బాల్కనీలో ఉన్నా, ఉన్నచోటి నుంచే ఒక కేక వేస్తాడు. "కిరణ్, వేసుకున్నావా?" ఏమిటి వేసుకోవడమన్నది మాత్రం పైకి అనడు. వంటింట్లో ఉప్మా రవ్వ వేయిస్తున్న కిరణ్మయి కుడిచేతిలో గరిటె వదలకుండానే ఎడమచేత్తో పై అరలోని మెంతుల డబ్బా అందుకుంటుంది. మెంతుల మీద, కాగితంలో చుట్టిన మాత్రల షీటు ఉంటుంది. ఒకటి నొక్కి తీసి, నీళ్ళు కూడా తాగకుండా మింగేసి, "ఆఁ, అయిందండీ" అంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె అతన్ని నువ్వనే పిలుస్తుంది. అత్తగారు ఇంట్లో ఉంటే మాత్రం మీరు, అండీ. కుటుంబ నియంత్రణలో మగవాడి వాటా ఎంత అని ఎవరైనా అడిగితే ఆదర్శ్ ధైర్యంగా చెప్పుకోవచ్చు, ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా తను అలారం తప్పలేదని.

మాత్రలు మెంతుల్లో దాక్కోవడానికి కారణం అత్తగారు కనకలక్ష్మి. మనవరాలు చిన్నుకి నాలుగేళ్ళు నిండాయి, పక్కన ఇంకొకరు ఎప్పుడని ఆవిడ వారానికోసారి గుర్తుచేస్తూ ఉంటుంది. ఇంకో మూడేళ్ళ దాకా వద్దని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసే అనుకున్నారు. ఇద్దరూ కలిసి అనుకున్నదానికి మింగేది ఒక్కరే కావడం వేరే సంగతి.

మింగిన మొదటి నెల నుంచే ఒళ్ళు తనది కానట్టు తయారైంది. రొమ్ములు పచ్చిపుండ్లలా సలిపేవి. కుక్కర్ కూత విన్నా ఏడుపొచ్చేది, టీవీలో సబ్బు ప్రకటన చూసినా ఏడుపొచ్చేది. ఆదర్శ్ చెయ్యి మీద పడితే కోపం లేదు, ప్రేమా లేదు, గోడ మీద చెయ్యి వేసినట్టు ఏమీ ఉండేది కాదు. నాలుగో నెలలో కొత్తది మొదలైంది. ఉన్నట్టుండి కుడివైపు సగం చూపు మీద మెరుపు గీతలు వంకరటింకరగా పాకుతూ వచ్చేవి. ఎదుటి మనిషి ముఖంలో ఒక కన్నూ ఒక చెవీ మాయమయ్యేవి. ఇరవై నిమిషాలకి గీతలు పోయి, వాటి వెనకే తల పగిలే నొప్పి వచ్చేది. ఇంత జరుగుతున్నా ఇంట్లో దీనికి పేర్లు మాత్రం చాలా తేలిగ్గా దొరికాయి. "ఈ మధ్య కోడలికి కోపం ముక్కు మీదే ఉంటోంది" అని అత్తగారు ఫోన్‌లో అందరికీ చెప్పేది. "నువ్వు మరీ సెన్సిటివ్ అయిపోతున్నావు కిరణ్" అని ఆదర్శ్ అనేవాడు. ఒకసారి నవ్వుతూ, "నా ఫ్రెండ్స్ భార్యలందరూ అదే వాడుతున్నారు, ఎవరికీ ఏమీ లేదు" అన్నాడు. తన ఫ్రెండ్స్ భార్యల్ని ఇతనెప్పుడు అడిగాడో, వాళ్ళు ఇతనికేం చెప్పారో దేవుడికే తెలియాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదా అంటే, వెళ్ళారు. కొండాపూర్‌లో ఆడవాళ్ళ డాక్టరమ్మ. జనం కిటకిటలాడుతున్నారు. "తలనొప్పి అన్నారు, ఎలా ఉంటుందమ్మా?" అని ఆవిడ అడిగింది కిరణ్మయినే. జవాబు మాత్రం పక్క కుర్చీలోంచి వచ్చింది. "రోజంతా స్క్రీన్ చూస్తుందండీ, ఇంటికొచ్చాక మళ్ళీ ఫోను. స్ట్రెస్, అంతే." డాక్టరమ్మ తలూపి, పారాసిటమాల్ రాసి, మూడు నెలలు చూడమంది. కళ్ళ ముందు గీతల సంగతి అప్పుడే చెప్పాలని కిరణ్మయి నోరు తెరిచింది. అప్పటికే తలుపు దగ్గర తరువాతి పేషెంట్ వచ్చి నిలబడింది. ఆదర్శ్ లేచాడు. తనూ లేచింది. ఆ లేవడం గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి తన మీదే ఒళ్ళు మండుతుంది.

ఆఫీసులో కిరణ్మయి వేరే మనిషి. హైటెక్ సిటీలో అద్దాల మేడ, తొమ్మిదో అంతస్తు. మందులు వికటించినప్పుడు జనం రాసే ఫిర్యాదులు ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి చేరతాయి. వాటిని చదివి, బాధకి తగిన పేరు పెట్టి, ప్రమాదాన్ని తూకం వేసి నమోదు చేయడం వాళ్ళ పని. తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. ఆమె రాసిన కేసులో తప్పు పట్టుకున్న ఆడిటర్ ఇంతవరకూ పుట్టలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని ముసలాయన కాలి వాపు మీద ఆమె పెట్టిన ఒక ప్రశ్న వల్ల ఒక మందు కాగితంలో హెచ్చరిక వాక్యం మారింది. ఆ సంగతి ఇంట్లో చెబితే, "ఓహో, గుడ్" అని ఆదర్శ్ మజ్జిగ కలుపుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

కొత్తగా చేరిన పిల్లలకి ఆమె మొదటిరోజు నేర్పేది రెండే సంగతులు. ఒకటి, కేసు కావాలంటే నాలుగు ఉండాలి, మందు, అది వాడిన మనిషి, వచ్చిన బాధ, ఆ బాధ చెప్పిన మనిషి. రెండోది, చెప్పిన మాట చెప్పినట్టు రాయాలి. 'గుండెలో పిట్ట కొట్టుకుంటోంది' అని రాస్తే పిట్టనే దించు, నీ తెలివి తరువాత వాడు అని ఆమె అంటుంది.

మొన్న సోమవారం యశస్విని కుర్చీ జరుపుకుంటూ వచ్చింది. జీడిమెట్ల పిల్ల, చేరి ఆరు నెలలైంది. తండ్రి అక్కడే మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు.

"అక్కా, గిది జర చూడవా? ఏం రాయాల్నో సమజైతలేదు."

ఒక భర్త పంపిన మెయిల్ అది. 'నా భార్య గర్భం రాకుండా ఈ మాత్రలు వాడుతోంది. అప్పటి నుంచి చిరాకు పడుతోంది. నాతో సహకరించడం లేదు.' ఆమె వయసు ముప్ఫై ఒకటి. ఇంకేమీ లేదు.

"చిరాకు అని పెట్టి క్లోజ్ చేయనా?"

"ఆమె ఏమంది?"

"మెయిల్ పెట్టింది ఆయన గదక్కా."

"మాత్ర మింగింది ఆయనా?" అంది కిరణ్మయి. "ఆమెకి ప్రశ్నలు పంపించు. ఆయనకి కాదు, ఆమెకి. ఎలా ఉందో ఆమె మాటల్లోనే రాయమను."

గురువారం జవాబు వచ్చింది. యశస్విని తన స్క్రీన్ ఇటు తిప్పింది. 'చిరాకు అన్నది నా మాట కాదు, ఆయన మాట. నాకున్నది భయం. ఉన్నట్టుండి కళ్ళ ముందు సగం లోకం మెరుస్తూ మాయమవుతుంది. పొయ్యి దగ్గర ఉన్నప్పుడు వస్తే నా చెయ్యి నాకే కనబడదు. తరువాత తల పగిలిపోతుంది. ఇది నన్నెవరూ అడగలేదు. మీరు అడిగారు.'

కిరణ్మయి రెండుసార్లు చదివింది. కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఈ సంగతి ఆమెకి తెలియనిదా! చూపు మీద మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్ళు ఈ రకం మాత్ర వాడకూడదు. మెదడుకి రక్తం అందకుండా గడ్డ అడ్డుపడే ప్రమాదం పెరుగుతుంది. మాత్రల షీటుతో పాటు డబ్బాలో వచ్చే కాగితంలోనే ఆ మాట అచ్చు వేసి ఉంటుంది. ఆ కాగితంలోనే తను షీటు చుట్టి మెంతుల్లో పెట్టుకుంది. లోకంలో ఆడవాళ్ళందరి బాధకీ పేరు పెట్టిన మనిషి, తన బాధకి మాత్రం మొగుడు పెట్టిన పేరే ఖాయం చేసుకుంది. స్క్రీన్ ఎక్కువ చూడటం వల్ల, స్ట్రెస్ వల్ల, అంతే. నిజానికి భయమేసిన ప్రతిసారీ ఆమె దాన్ని తోసేసింది. ఒప్పుకుంటే ఆపాలి, ఆపితే 'మరి ఎలా' అన్న ప్రశ్న మళ్ళీ తన నెత్తి మీదికే వస్తుంది. దానికి జవాబు వెతికే ఓపిక కూడా ఆ మాత్రే తినేసింది.

"ఏమైందక్కా? గట్లైనవేంది?"

"నాకూ ఇలాగే వస్తోంది యశస్వినీ. మూడు నెలలైంది."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఎవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలేదు."

యశస్విని ఆమె వంకే చూసింది. "మందున్నది, మనిషున్నది, బాధున్నది. చెప్పినోళ్ళే లేరు. మరి కేసెట్లయితదక్కా? నువ్వే నేర్పిస్తివి గదా!"

నేర్పిన పాఠం ఎదురు తిరిగి వస్తే కోపం రావాలి. కిరణ్మయికి నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్ళు నిండాయి. లంచ్‌కి కిందికి వెళ్ళలేదు. మందు వికటిస్తే రోగి స్వయంగా నింపుకునే ఫారం ఒకటుంది, తెలుగులో కూడా దొరుకుతుంది. తొమ్మిదేళ్ళలో ఎన్ని వేల కేసులు రాసిందో, తన పేరు మొదటి గడిలో రాయడానికి మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. తరువాత ఆగలేదు. పచ్చిపుండ్లలా సలిపిన రొమ్ములు రాసింది. కుక్కర్ కూతకి వచ్చిన ఏడుపు రాసింది. గోడ మీద చెయ్యి వేసినట్టున్న రాత్రుల్ని కూడా, సిగ్గుపడకుండా, ఉన్నదున్నట్టు రాసింది. సగం మాయమైన ముఖాలు రాసింది, అందులో తన కూతురి ముఖం కూడా ఉంది. చెప్పినవారు ఎవరన్న గడిలో 'నేనే' అని రాసింది. మందు విషయంలో ఏం చేశారు అన్న గడిలో 'ఈ రోజు నుంచి ఆపేశాను' అని రాసింది. చివరి దాకా చదువుకుంది. అది మంచి కేసు. ఏ ఆడిటర్ వచ్చినా ఒక్క అక్షరం మార్చలేడు. తన పనితనం మీద ఆమెకి ఎప్పుడూ గర్వమే, కానీ ఆ పనితనం తనకే అక్కరకొచ్చిన రోజు ఇదే మొదటిది.

సాయంత్రం కంపెనీ క్యాబ్ డ్రైవర్‌తో చెప్పి ఇల్లున్న నిజాంపేట దాకా వెళ్ళకుండా కొండాపూర్‌లోనే దిగిపోయింది. ఈసారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అంతా విని డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

"ఆ మాత్ర ఇంక ఒక్కటి కూడా వద్దు. ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు నన్నే అడిగారండీ. జవాబు ఇంకొకరు చెప్పారు."

"తప్పు నాది కూడా" అంది డాక్టరమ్మ. తల నరాల డాక్టరుకి చీటీ రాసిచ్చింది. హార్మోన్లు లేని పద్ధతులు ఏమున్నాయో చెప్పి, వాటిలో సగం మగవాళ్ళు చేయవలసినవేనని నవ్వింది. "ఆయన్ని రేపు ఆరింటికి రమ్మనండి. నేనే చెప్తాను" అంటూ ఇంకో చీటీ మీద అదీ రాసిచ్చింది. మెట్లు దిగుతుంటే కిరణ్మయికి తన నడక తనకే కొత్తగా అనిపించింది.

మర్నాడు ఏడున్నరకి అలారం మోగింది.

"కిరణ్, వేసుకున్నావా?"

ఆమె స్టవ్ కట్టేసింది. మెంతుల డబ్బా తీసుకుని హాల్లోకి వచ్చి బల్ల మీద పెట్టింది. కనకలక్ష్మి చిన్నుకి జడ వేస్తోంది. ఆదర్శ్ మెడలో తువ్వాలుతో, చేతిలో మోగుతున్న ఫోన్‌తో వచ్చాడు. డబ్బాను చూసి, తల్లిని చూసి, వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు.

"లేదండీ. ఆపేశాను" అని ఆమె షీటు బయటికి తీసి, చుట్టిన కాగితం విప్పి అతని ముందు పరిచింది. "ఈ వరస చదవండి. మూడు నెలలుగా నాకున్నది ఇదే. స్క్రీన్ వల్ల వచ్చింది కాదు."

అతను చదివాడు. మొహంలో రంగు మారింది. "ఇంత ఉంటే నాకు చెప్పొచ్చు కదా!"

"తలనొప్పని చెప్పాను. అది మీరు డాక్టరమ్మకి స్ట్రెస్ అని చెప్పారు."

"సరే, అమ్మ ముందు ఇవన్నీ..." అంటూ గొంతు తగ్గించాడు.

"నా ముందైతే ఏమైందిరా?" అంది కనకలక్ష్మి, జడ మీంచి చూపు ఎత్తకుండా. "షుగరుకని రోజూ గుప్పెడు మెంతులు నానబెట్టుకునేది ఎవరనుకున్నారు? ఏడు నెలల్నుంచీ చూస్తూనే ఉన్నా."

కిరణ్మయి నిర్ఘాంతపోయింది. "తెలిసీ నాకు కోపం ముక్కు మీద ఉందని అందరికీ చెప్పారా అత్తయ్యా?"

కనకలక్ష్మి చేతులు ఆగాయి. "నన్నూ అలాగే అన్నారమ్మా" అంది మెల్లగా. "వీడు పుట్టాక, మళ్ళీ కడుపు రాకుండా లూపు వేశారు. ఆర్నెల్లు నెత్తురు పోయింది. చెప్తే మీ మామగారు సర్దుకుంటుందిలే అన్నారు. అది సర్దుకోలేదు, నేనే సర్దుకున్నా." రిబ్బను ముడివేసి చిన్ను వీపు తట్టింది. "నువ్వు ఆపేశావు. మంచి పని చేశావు."

ఆవిడ నోట మంచి పని అన్న మాట ఎనిమిదేళ్ళలో అదే మొదటిది. అయినా కిరణ్మయి దాని కోసం అక్కడ నిలబడలేదు. ఆ మాట రాకపోయినా ఆమె ఆపే ఉండేది.

"ఆపేస్తే మరి... ఎలా?" అన్నాడు ఆదర్శ్. ఏడు నెలల కిందట ఇదే ప్రశ్న అతను అడిగితే, జవాబు తన ఒంట్లో వెతుక్కోవాలని ఆమె అనుకుంది. ఇప్పుడు జవాబు కోసం ఆమె ఎక్కడా వెతకలేదు. అతన్ని రమ్మని డాక్టరమ్మ రాసిన చీటీ తీసి బల్ల మీద అతని ముందు పెట్టింది.

అతను మళ్ళీ మోగిన ఫోన్‌ని నొక్కాడు. అలారం తీసెయ్యడానికి వేలు పెట్టాడు.

"తీసెయ్యకు ఆదర్శ్" అంది కిరణ్మయి, అత్తగారి ఎదురుగానే. "సాయంత్రం ఆరింటికి మార్చుకో. ఇక నుంచి గుర్తుంచుకోవలసింది నువ్వు."