చిట్టి వదిలేసిన వేర్లు

వ్యాను హారన్ రెండోసారి మోగేసరికి వదిన ఒక కాలు బూటులో దూర్చి, రెండో బూటు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లోపల చిట్టి అద్దం ముందు నుంచి కదలలేదు.

"తుప్పలు పీకడానికే కదే వెళ్తున్నాం. అవేమన్నా నీ ముఖం చూస్తాయా?"

"వచ్చేస్తున్నా వదినా. రెండు నిమిషాలు."

ఆ రెండు నిమిషాలు వినీ వినీ వదిన జుట్టు నెరిసింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి ఈ ఆడపడుచు పలక పట్టుకుని బడికి వెళ్లే పిల్ల. ఇప్పుడు మోకాళ్లకు మందు రాసుకునే మనిషి. పెళ్లి చేశారు, నిలబడలేదు, తిరిగొచ్చేసింది. తర్వాత చిట్టి అన్న, అంటే వదిన మొగుడు, జబ్బు చేసి పోయాడు. మిగిలింది ఇద్దరాడవాళ్లూ, రెండు గదుల వాటా. చిట్టి నోటివెంట విని పనిలో అందరూ, సూపర్‌వైజర్‌తో సహా, ఆమెను వదిన అనే పిలుస్తారు.

వానలు తగ్గాక మొదలై ఎండలు ముదిరేలోపు ముగిసే పని వాళ్లది. ఎవరో ఎప్పుడో కంచె కోసం తెచ్చి నాటిన ముళ్లతుప్ప వాగు ఒడ్డునంతా మింగేసింది. దాన్ని వేళ్లతో సహా పెకలించి, ఆ చోట ఒకప్పుడు అక్కడ పెరిగిన గడ్డి పిలకలే మళ్లీ నాటాలి. గడ్డి పట్టుకుంటే ఒడ్డు కోసుకుపోదు, పోయిన పిట్టలు తిరిగొస్తాయి. ఈ సీజనుకు ఇవాళే ఆఖరి రోజు.

ఆఖరి రోజైనా సుఖం లేదు. వదినకిచ్చిన చేతితొడుగులు రెండూ ఎడమచేతివే. ఒకటి తిరగేసి తొడుక్కుంది. బొటనవేలు ఎటో పోయింది. సూపర్‌వైజర్ తాడు పట్టుకొచ్చి, నిన్న నాటిన వరుస వంకరగా ఉంది, తీసి మళ్లీ నాటమన్నాడు.

"వాగే వంకర కదా బాబూ."

"పైవాళ్లకు పంపే ఫొటోలో బాగుండదు వదినా."

పళ్లు బిగబట్టి మళ్లీ నాటింది. ఆ తర్వాత తుప్పల దగ్గరికి వెళ్తే అక్కడ చిట్టి. గునపంతో ఒక్క పోటు పొడిచి, దొరికినంత లాగి, పక్కదాని మీదికి వెళ్లిపోతోంది. నోరు మాత్రం ఆగదు. నిన్న చూసిన పిట్ట, పక్కింటివాళ్ల గొడవ, ఎప్పటిదో కల. వేర్లు మట్టిలోనే ఉండిపోతున్నాయి. వదిన వెనకాలే మోకాళ్ల మీద కూర్చుని, తవ్వి, ఒక్కో వేరూ మణికట్టుకు చుట్టుకుని లాగుతోంది.

"వేరుంటే మళ్లీ మొలుస్తుందని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"మొలిస్తే వచ్చే ఏడూ మనకే కదా పని."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వదినకు నవ్వు రాలేదు. ఆమె బతుకంతా ఇలా ఈ మనిషి వెనకాలే గడిచింది. వదిలేసిన కుళాయిలు కట్టడం, తెరిచిన తలుపులు మూయడం, అత్తింటి గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడ్డ దాన్ని ఇంటికి తెచ్చుకోవడం. ఒకసారి వదినకు వాగు ఎగువన మొక్కల నర్సరీలో ఏడాది పొడుగునా పని, ఉండటానికి గది ఇస్తామన్నారు. గది ఒక్కరికే. "మా చిట్టి ఒక్కతే ఉండలేదండీ" అని వచ్చేసింది. ఆ సంగతి చిట్టికి చెప్పలేదు. చెబితే దాని గురించి వారం రోజులు మాట్లాడుతుంది.

మధ్యాహ్నం వ్యాను నీడలో డబ్బాలు విప్పారు. కింద కొత్త పిలకలకు ట్యాంకర్ నీళ్లు పోస్తోంది. డ్రైవర్ పైపు పట్టుకుని ఒక్కొక్క మొక్క దగ్గరా ఆగుతున్నాడు. పెళ్లాం పోయిన మనిషి, అతని గొంతు విన్నవాళ్లే తక్కువ. చిట్టి తినకుండా అటే చూస్తోంది. మాట్లాడటం లేదు. వదినకు అదీ చిరాకే అయింది.

"ఏమైందే?"

"ఇవాళ నేను ఇంటికి రాను వదినా. ఆయనతో వెళ్తున్నా. ఉండిపోవడానికే."

వదిన కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

"అతను నీతో మాట్లాడటం నేనెప్పుడూ చూళ్లేదే."

"మాట్లాడేది నేను కదా. ఆయన వింటాడు."

"నేను వినలేదా ఇన్నాళ్లూ?"

"నువ్వు తిడతావు వదినా," అంది చిట్టి మెల్లగా. "తిట్టినా బాగానే ఉంటుంది. కాదనను. అసలు పోయిన సీజనులోనే వెళ్లాల్సింది. అన్నకి మాటిచ్చాను కదా అని ఆగాను."

"ఏం మాట?"

"'మీ వదినకి విసుక్కోడానికి ఒక మనిషుండాలి, లేకపోతే బతకదు. నువ్వు దాని దగ్గరే ఉండు' అన్నాడు."

వదిన డబ్బా మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు. తీసి మళ్లీ పెట్టింది.

"నిన్ను చూసుకోమని నాకు చెప్పాడు."

"తెలుసు. పక్కనే ఉన్నాగా."

పోయిన మొగుడి మీద వదినకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరినీ ఒకరికొకర్ని అప్పజెప్పి తను హాయిగా వెళ్లిపోయాడు. అడగడానికి మనిషి లేడు. తనేమో దీన్ని మోస్తున్నాననుకుంది. ఇదేమో తనను భరిస్తూ కూర్చుంది.

తిన్నాక మళ్లీ పనిలోకి దిగారు. చిట్టి ముందు నడిచింది, వదిన వెనక తవ్వింది. ఒక వేరు ఎంతకీ రాలేదు. దాన్ని పట్టుకుని వెనక్కి వాలి, వెల్లకిలా పడి, కాసేపు లేవకుండా ఆకాశం చూస్తూ ఉండిపోయింది. చిట్టి వచ్చి చెయ్యిచ్చింది. పట్టుకుని లేచింది.

పని దిగాక ట్యాంకర్ వ్యాను పక్కకొచ్చి ఆగింది. చిట్టి తన బట్టలు ముందే కొంచెం కొంచెంగా చేరవేసిందట. ఇంట్లో అలమర ఖాళీ అవుతుంటే తను గమనించనేలేదని వదినకు అప్పుడు తట్టింది.

"కోపమా వదినా?"

"కోపం కాక? ఆ మెట్టు జారుతుంది, చూసి ఎక్కు. మోకాలి మందు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నా."

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మీరూ వస్తూండండి," అన్నాడు.

"మాటలొచ్చా నీకు," అంది వదిన. ట్యాంకర్ వెళ్లిపోయింది. వెనక పైపు సరిగ్గా కట్టలేదు, మలుపు తిరిగేదాకా రోడ్డంతా నీళ్లు కారుతూనే ఉన్నాయి.

చీకటి పడుతుండగా వదిన ఇల్లు చేరింది. బూట్లు విప్పింది. తలుపు మూసింది. కాళ్లు కడుక్కుందామని పెరట్లోకి వెళ్లి, "నానబెట్టినవి ఉతకాలని ఉండదు దీనికి," అని పైకే అనేసింది.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం ఖాళీగా ఉంది.

కుళాయి కింద బకెట్లో చిట్టి పని చొక్కా ఉంది. సబ్బు నురగ ఎప్పుడో దిగిపోయింది, మట్టి అడుగుకు చేరింది, తేరిన నీళ్ల మీదుగా ముళ్లకు చిరిగిన ఒక చొక్కా చెయ్యి బకెట్ అంచు దాటి బయటికి వేలాడుతోంది.