గిజిగాడి గుమ్మి

గోదారి చావడి గడప దాటి లోపలికొచ్చిన ఏటికి అది మూడో ఏడు. ఆ వరదలో ఊరందరి విత్తనాలూ గుమ్ముల్లోనే నాని మురిగిపోయాయి. అన్నీ మేదరి హనుమండ్లు అల్లిన గుమ్ములే. నేల మీద నిలబెట్టే వెదురు గుమ్మి నీళ్లకు ఏం ఆగుతుంది?

అతని చెల్లెలు సత్తమ్మ మొగుడు పోయిన మనిషి. పటేలు రేగడి చేను, పటేలిచ్చిన నాగలితో పాలుకు చేసుకుని బతుకుతోంది. ఈసారి జొన్న పడకుంటే చేను ఇంకొకడికిస్తానని పటేలు చెప్పేశాడు. ఆమెకున్నది ఒక్క సంచి విత్తనం.

వాగు గట్టు మీది తుమ్మకు గిజిగాళ్ల గూళ్లు. కింద వాగు ఎంత పొంగినా అవి ఊగుతాయే గానీ మునగవు. హనుమండ్లు చూసీ చూసీ ఒక గూడు కోసుకొచ్చాడు. గుడ్లున్న గూటిని ముట్టడం వాళ్లింట పాపం. అందుకని పిట్ట చేరనిది ఏరి తెచ్చాడు. పోగు పోగు విప్పి చూస్తూ, అదే అల్లికతో, వెదురు చీల్చిన సన్నటి పేళ్లతో గుమ్మి అల్లాడు. కొమ్మను పట్టే పై ముడి కూడా పిట్ట వేసినట్టే వేశాడు. విత్తనం పోసి సత్తమ్మ పెరటి వేపకు వేలాడదీశాడు.

"అన్నా, పైన మోకుతోని ఇంకో సుట్టు కట్టరాదు?"

"పిట్టకు మోకు ఎవలిచ్చిండ్రే? నువ్వు ఫికర్ చెయ్యకు."

"చెల్లె మాటకన్న పిట్ట మాట ఎక్కువైంది నీకు," అని నవ్వింది సత్తమ్మ.

మఖ కార్తెలో వరదొచ్చింది. ఊరు సంచులు నెత్తిన పెట్టుకుని గుట్టెక్కింది. సత్తమ్మ ఒట్టి చేతులతో ఎక్కింది. పైనుంచి చూస్తే నీళ్లకు జానెడు పైన గుమ్మి ఊగుతోంది.

"నిలిచింది హనుమండ్లూ! మాక్కూడ గసొంటిదే అల్లాలె!" అని గుట్ట మీది జనం అరిచారు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. పై ముడిలో ఒక్కో పేడూ జారింది. గుమ్మి నీళ్లలో పడి, ఒకసారి దొర్లి మునిగింది.

సత్తమ్మ ఏడవలేదు. "పోయింది అన్నా," అంది, అంతే.

నీళ్లు తీశాక విత్తనం కోసం హనుమండ్లు ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరికి వాళ్లకే చాలదన్నారు. చివరికి తుమ్మ కింద కూలబడ్డాడు. పైన ఆడపిట్ట ఒక కొత్త గూటి ముడిని ముక్కుతో లాగి చూసి, లోపలికైనా పోకుండా ఎగిరిపోయింది. తడి కట్టెలు ఏరుకుంటున్న ముసలి బాలవ్వ పకపకా నవ్వింది.

"ముడి గట్టిగ లేకుంటే ఆడపిట్ట ఆ గూడు ఒల్లదు బిడ్డా. మొగపిట్ట మల్ల ఇంకోటి అల్లుకోవాలె. గిన్నేండ్ల సంది చూస్తున్నవ్, ఎరుకలేదా?"

"ఎరుకలేదవ్వా," అన్నాడు హనుమండ్లు. పాపమని భయపడి తాను ఏరి తెచ్చింది, పిట్ట వద్దని వదిలేసిన గూడు.

తెల్లవారి సత్తమ్మ లేవకముందే, ఆమె పెరట్లో కట్టేసి ఉన్న పటేలు నాగలిని విప్పి భుజానికెత్తుకున్నాడు. చేను పోయిందని అది అప్పజెప్పే పని ఆమెకు పడకుండా, మోకాళ్ల దాకా బురదలో నడిచిపోయి పటేలు దొడ్డిలో దించాడు.