అత్త మొక్కిన దీపాలు

నిమ్మకాయలు కోసి, రసం పిండి, చెక్కలను తిరగేసి ప్రమిదల్లా చేస్తున్నాను. రేపు శుక్రవారం రాహుకాలంలో దుర్గమ్మ గుడిలో వెలిగించాలి. రసం పారేయను, పొద్దున చిత్రాన్నానికి పనికొస్తుంది. పక్కనే నా కూతురు దివ్య ఫోనులో జపాను బొమ్మల సీరియల్ చూస్తోంది. అందులో ఒక మామూలు గుమాస్తా. అతను ఆఫీసు లిఫ్టు ఎక్కితే ఒక్కోసారి తలుపు వేరే లోకంలో తెరుచుకుంటుంది. అక్కడ రాజులు కూడా అతని మాట వింటారు. సాయంత్రం తిరిగొచ్చి, బూట్లు విప్పి, భోజనానికి కూర్చుంటాడు.

"అన్నం ఎవరు వండినారే?" అని అడిగాను.

"అదంతా చూపించరమ్మా. బేజారు గదా," అంది కళ్ళు తిప్పకుండానే.

నిజమే, ఎవరు చూస్తారు? నాకూ అలాంటి లోకం ఒకటి ఉంది. తెల్లవారకముందే వంట ముగించి, అత్తకు వేన్నీళ్ళు పెట్టి, దేవుడికి దీపం వెలిగించి బొమ్మసంద్ర బస్సెక్కుతాను. అక్కడ మాత్రల ఫ్యాక్టరీలో కదిలే బెల్టు ముందు నిలబడి, మాత్ర పడని స్ట్రిప్పులను ఏరి పక్కన వేయడం నా పని. గొప్ప పనేమీ కాదు. కానీ అక్కడ నన్ను శశికళా అని పిలుస్తారు. ఇంట్లో నేను "దివ్య వాళ్ళమ్మ"ని, లేదంటే "ఇదిగో"ని. అక్కడ మధ్యాహ్నం డబ్బాలు విప్పితే ఎవరో ఒకరు ముందు నాకు వడ్డిస్తారు. ఇంట్లో అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలింది తింటాను. మా ఆయన హేమంత్‌కుమార్‌కు ఇదంతా నవ్వులాట. "నువ్వు పోకుంటే ఊరికి జొరం మాత్రలు దొరకవా?" అంటాడు.

మా అత్త అంజినమ్మ నా చేత తొమ్మిది శుక్రవారాలు దీపాలు పెట్టిస్తానని మొక్కుకుంది. ఎందుకని నేను అడగలేదు. మొక్కు బయటికి చెప్పకూడదు కదా. మోకాళ్ళ నొప్పికే అనుకున్నాను. మెట్లెక్కలేని మనిషి కోసం నేను వెళ్ళడం ధర్మమే అనుకున్నాను. కానీ ఆ రాహుకాలం సరిగ్గా డ్యూటీ మధ్యలో వస్తుంది. సెలవు మీద సెలవు పెట్టాను. ఈ రోజు సూపర్‌వైజర్ చేతన్ నా ముఖం చూడలేక బెల్టు వైపు చూస్తూ చెప్పాడు, రేపు కూడా రాకపోతే నా చోట ఇంకొకరు నిలబడతారని. ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, దేవుడి పని కంటే అదెక్కువా అన్నాడు. ఎక్కువని నేనెప్పుడూ అనలేదు. మొక్కు మధ్యలో ఆపితే బిడ్డకేమవుతుందోనని నాకూ భయమే. అందుకే ఏడుస్తూనే నిమ్మకాయలు కొన్నాను.

వాకిట్లో అత్త, పక్కింటి భాగీరథమ్మ కూర్చుని ఉన్నారు. కోడలు రేపు కూడా పనికి పోదా అని ఆమె అడగడం వినిపించింది.

"దుర్గమ్మ నా మాట వింటా ఉండాది," అంది అత్త తృప్తిగా. "కోడలు ఆ ఫ్యాక్టరీ ఇడిసి ఇంటిపట్టున ఉండాలనే గదా నేను మొక్కింది. దాని సుఖానికేలే."

నా చేతిలో నిమ్మచెక్క చిరిగిపోయింది. అన్ని వారాలూ నేనే నూనె పోసి, నేనే వత్తి వేసి, కళ్ళు మూసుకుని, అత్త కోరిక తీర్చు తల్లీ అని వేడుకున్నాను. ఆ గుమాస్తా లిఫ్టు తలుపు మూసేయమని వాళ్ళింట్లో ఎవరూ దేవుణ్ణి అడగరు. అడిగినా, అతని చేతనే దీపం పెట్టించరు. తల్లీ, మొక్కినవాళ్ళ మాట విన్నావు సరే, చేతులు కాల్చుకున్నదాన్ని ఒక్కసారైనా అడిగావా?

లేచి వాకిట్లోకి వెళ్ళాను.

"అత్తా, రేపు నేను పనికి పోతా ఉండాను. మొక్కింది మీరు, మిగతా దీపాలు మీరే పెట్టండి. మెట్ల కాడ మీ కొడుకు చెయ్యి పట్టుకుంటాడు."

భాగీరథమ్మ చెంగు సర్దుకుని లేచింది. నేను లోపలికి వచ్చి, రోజూలాగే దేవుడి ముందు సంజె దీపం వెలిగించాను. ఆ తల్లిని ఏమీ కోరలేదు. క్షమించమని కూడా అడగలేదు.